అద్దంలా మెరిసే డైకి లోతెంత? మూడేళ్లుగా వాడుతున్న కెమెరా గేజ్ సంగతులు

మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న టూల్‌రూమ్. ఒక మిల్లింగ్ మెషిన్, కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని కొరికే స్పార్క్ మెషిన్ ఒకటి, ఒక గ్రైండర్, నలుగురు మనుషులు. పనిలో సగం నగల డైలే. మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసేవాళ్లు రేకు మీద పువ్వులూ తీగలూ అచ్చు వేసుకోవడానికి చేయించుకుంటారు. తీగ గాడి వెడల్పు 0.3 మి.మీ. ఉంటే లోతు 0.35 అడుగుతారు. డయల్ గేజ్ మొన అందులోకి దిగదు. సీసం ముక్క మీద అచ్చు తీసి, పైకి లేచిన గీతను మైక్రోమీటరుతో కొలవడం మా పాత పద్ధతి. ఒక్కో చోటుకి పది నిమిషాలు. డైలో నలభై చోట్లుంటే ఆ రోజు దాంతోనే సరి.

ముట్టుకోకుండా కొలిచేది ఏదైనా ఉందా అని వెతుకుతుంటే ఫోకస్‌తో దూరం కొలిచే పద్ధతి కనబడింది. కంపెనీలు అమ్మే యంత్రాల ధర విని నోరు మూసుకుని, సొంతంగా కట్టుకున్నాను. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించే హెచ్‌క్యూ కెమెరా, మైక్రోస్కోప్ 10ఎక్స్ ఆబ్జెక్టివ్ (పది రెట్లు పెద్దది చేసే ముందు లెన్స్), దాని వెనక ఒక గొట్టం, ఒక స్టెప్పర్ మోటార్, పైకీ కిందకీ జరిగే స్లైడ్. చెడగొట్టుకున్నవి కూడా కలిపితే ముప్పై వేలు దాటింది. మూడేళ్లు వాడాక రాస్తున్నాను కాబట్టి మోజు తీరిపోయిందనే అనుకోండి.

సూత్రం సులువే. మసకను తిరగబడ్డ జల్లెడ అనుకోండి. సన్నటి గీతల్ని ఆపేసి ముతక నీడల్ని వదిలేస్తుంది. బొమ్మ ఫోకస్ తప్పిన కొద్దీ ముందు పోయేది సన్నటి వివరమే, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ భాగం. ఫోకస్ సరిగ్గా కుదిరిన ఎత్తులో ఆ భాగం అన్నిటికంటే బలంగా ఉంటుంది. లెన్స్‌ను కెమెరాకి కదలకుండా బిగించాం కాబట్టి, బొమ్మ స్పష్టంగా ఉన్నప్పుడు లెన్స్‌కీ లోహానికీ మధ్య దూరం ఎప్పుడూ ఒక్కటే. కెమెరాను మెట్టు మెట్టుగా దించుతూ, ప్రతి మెట్టులో ఒక ఫొటో తీసి, సన్నటి వివరం ఎంతుందో అంకె కట్టి, ఏ మెట్టులో ఆ అంకె శిఖరానికి చేరిందో చూస్తాం. గాడి అంచుకి ఒక శిఖరం, అడుక్కి ఇంకో శిఖరం. రెండింటి తేడాయే లోతు.

స్లైడ్‌ను జరిపే మా స్క్రూ ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ. దిగుతుంది, మోటార్ చుట్టుకి 200 స్టెప్పులు. అంటే స్టెప్పుకి 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 10ఎక్స్ లెన్స్‌కి ఎన్‌ఏ (ఎంత వెడల్పు శంకువులో వెలుతురు పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.25 కాబట్టి ఫోకస్ మందం, అంటే బొమ్మ స్పష్టంగా ఉండే ఎత్తు, సుమారు 9 మైక్రాన్లు. మరి 5 మైక్రాన్ల మెట్టుతో 2 మైక్రాన్ల తేడా ఎలా చెబుతావని అందరూ అడుగుతారు. శిఖరం దగ్గర మూడు అంకెలు చాలు. నిన్నటి జాబ్‌లో వచ్చినవి 412, 655, 598. శిఖరం మధ్య మెట్టు మీద లేదు, 598 వైపు కాస్త ఒరిగిందని చూస్తేనే తెలుస్తుంది. మూడింటి లాగరిథమ్‌ల మీద ఒక పారాబోలా గీస్తే ఒరుగు మెట్టులో 0.34 వంతు, అంటే 1.7 మైక్రాన్లు. ఈ చిట్కా నాది కాదు, నాయర్, నాకాగావా 1994లో రాసిన పేపర్‌లోది. శిఖరం దగ్గర ఆ వంపు గంట ఆకారంలో ఉంటుందని వాళ్ల లెక్క. మూడేళ్లలో అది నన్ను మోసం చేయలేదు. రెండు స్లిప్ గేజ్‌లు (మందం కచ్చితంగా తెలిసిన ఉక్కు బిళ్లలు) పక్కపక్కన పెట్టి 50 మైక్రాన్ల మెట్టు చేసి ఇరవై సార్లు కొలిస్తే 48కీ 52కీ మధ్యే వచ్చింది.

మొదటి ఆరు నెలలు మాత్రం నరకం. ఓపెన్‌సీవీ అనే ఫొటో లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లాప్లాసియన్ (ప్రతి పిక్సెల్ పక్కవాటికంటే ఎంత తేడాగా ఉందో చెప్పే లెక్క) తీసి దాని వేరియన్స్ (ఆ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో) చూడమని ఎక్కడ చూసినా అదే సలహా. నేనూ అదే పెట్టాను. శిఖరం ఉండాల్సిన చోట గడ్డి దిబ్బలాంటిది వచ్చేది, ఒక్కోసారి అదీ లేదు. కెమెరా పాడయిందనుకున్నాను. చివరికి కాగితం మీద లెక్క వేస్తే విషయం బయటపడింది. ఈ లెన్స్ లోహం మీద విడదీయగలిగేది సుమారు 1.3 మైక్రాన్లు. పది రెట్లు పెద్దదై సెన్సర్ మీద 13 మైక్రాన్లవుతుంది. ఈ కెమెరా పిక్సెల్ 1.55 మైక్రాన్లు. అంటే లెన్స్ ఇవ్వగలిగిన అతి సన్నటి గీత కూడా ఎనిమిదీ తొమ్మిదీ పిక్సెళ్ల వెడల్పు. మూడు పిక్సెళ్ల లాప్లాసియన్ వెతికే చోట అసలు బొమ్మే లేదు, ఉన్నదల్లా సెన్సర్ గరగరే. నేను ఆర్నెల్లు ఆ గరగరనే జాగ్రత్తగా కొలుస్తూ కూర్చున్నానన్నమాట.

ఫొటోను నాలుగో వంతుకి కుదించి 1014×760 చేశాక అదే ప్రోగ్రామ్ బంగారంలా పనిచేసింది. తరవాత లాప్లాసియన్ కూడా తీసేసి, బొమ్మను సన్న, ముతక వివరాలుగా విడదీసే ఫూరియర్ లెక్కతో మధ్య ఫ్రీక్వెన్సీల పట్టీ మాత్రమే లెక్కేస్తున్నాను. మరీ పై పట్టీలో నాయిస్, మరీ కింది పట్టీలో వెలుతురు నీడలు. ఫోకస్‌తో పాటు లేచి పడేది మధ్యదే. పన్నెండు మెగాపిక్సెళ్ల కెమెరా కొని ముప్పాతిక మెగాపిక్సెల్ వాడుతున్నానని మా బావ ఇప్పటికీ నవ్వుతాడు.

ఇంకో మంచి గుణం, చిన్న చోటునే చూడగలగడం. 64 పిక్సెళ్ల చదరపు గడి పెడితే లోహం మీద 40 మైక్రాన్ల చోటు. అంచునీ అడుగునీ ఒకే గడిలో పెట్టారో, రెండు శిఖరాలు కలిసిపోయి మధ్యలో ఏదో అబద్ధపు ఎత్తు వస్తుంది. గాడి లోతు వెడల్పుకి రెండింతలు దాటినా కష్టమే. లెన్స్‌లోకి రావాల్సిన వెలుతురు శంకువును గోడలు కోసేస్తాయి, శిఖరం బోడిగా తయారవుతుంది. అలాంటి జాబ్‌కి మళ్లీ సీసమే.

ఇక అసలు దెబ్బ. గాడి అడుక్కి వెలుతురు దిగాలని 45 డిగ్రీల వాలులో పల్చటి గాజు ముక్క పెట్టి లెన్స్ గుండానే లైటు పంపిస్తాను. పాలిష్ కాని డై మీద కట్టర్ గీతలు, స్పార్క్ మెషిన్ వదిలిన గుంటలు ఉంటాయి. కెమెరాకి పట్టుకోవడానికి అవే ఆధారం. ఒకసారి బందరు పార్టీ తొందర పెడితే మా కుర్రాడు పాలిష్ ముందే చేసేశాడు. కెమెరాతో కొలిచాం. శిఖరం ఎంత నిటారుగా వచ్చిందంటే, నేను ఎప్పుడూ చూడలేదు. లోతు 0.28 మి.మీ., కావాల్సింది 0.35. తక్కువ తవ్వామనుకుని ఇంకో 70 మైక్రాన్లు దింపమన్నాను. మా ఎన్‌గ్రేవింగ్ మేస్త్రికి అరవై దాటాయి, గోటితో తడిమి చూసి, "బాబూ, ఇది సరిపోయింది. నీ కెమెరా కంటే నా గోరే నయం" అన్నాడు. వినలేదు. దింపాం. డై తిరిగొచ్చింది. సీసం మీద కొలిస్తే 0.42.

ఎందుకలా జరిగిందో వారం తరవాత అర్థమైంది. అద్దంలా మెరిసే యు ఆకారపు గాడి ఒక పుటాకార దర్పణం. దాని వంపు వ్యాసార్థం 0.15 మి.మీ. అయితే, బల్బు ప్రతిబింబం అడుక్కి పైన సుమారు అందులో సగం ఎత్తులో, అంటే 75 మైక్రాన్ల దగ్గర గాల్లో ఏర్పడుతుంది. కెమెరా లోహాన్ని చూడలేదు, బల్బు బొమ్మను చూసింది. దాని అంచులు గీతకంటే పదును, అందుకే అంత అందమైన శిఖరం. స్కూల్లో పదో తరగతి భౌతికశాస్త్రంలో గీసిన బొమ్మే. డై ఖర్చు నా జేబు నుంచే పోయింది, మేస్త్రి మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు పాలిష్ డై అయితే ముందు పౌడర్ కొట్టాల్సిందే. పగుళ్ల పరీక్షలో వాడే తెల్ల డెవలపర్ స్ప్రే మంచిది గానీ పూత మందంగా పడితే ఆ మందం కూడా లోతులోంచి పోతుంది. మేము అంచు మీదా అడుగు మీదా ఒకే తడవ, దూరం నుంచి పలచగా కొడతాం. పూత రెండు చోట్లా ఒకేలా పడితే తేడాలో కొట్టుకుపోతుంది. సరిగ్గా ఒకేలా పడదు, అందుకని పాలిష్ డై మీద ఐదారు మైక్రాన్ల తేడా వస్తుందని పార్టీకి ముందే చెబుతాను. కొన్నాళ్లు టాల్కమ్ పౌడర్ కూడా వాడాం. కొలత పర్వాలేదు, షాపంతా పసిపిల్లల ఇల్లులా వాసన.

చిన్న చిన్న సంగతులు కొన్ని. కెమెరాను ఎప్పుడూ పై నుంచి కిందకే తేవాలి, లేకపోతే స్క్రూ లూజు పది మైక్రాన్లు తినేస్తుంది. షాపులో ట్యూబ్‌లైట్ సెకనుకి వందసార్లు మినుకుతుంది, ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లో 20 మిల్లీసెకన్లో పెడితే బాధ ఉండదు. పక్క షెడ్డులో పవర్ ప్రెస్ నడుస్తుంటే కొలవకండి. గ్రానైట్ బల్ల, దాని కింద రబ్బరు షీటు పెట్టినా శిఖరం వణుకుతుంది. నేను భోజనాల వేళ కొలుస్తాను. పొద్దున్నే ఆన్ చేసిన వెంటనే కూడా వద్దు, లైటు వేడికి గొట్టం సాగి తొలి ఇరవై నిమిషాలు ఎత్తు జరుగుతూనే ఉంటుంది.

ఇన్ని ఫొటోలు అక్కర్లేకుండా రెండే ఫొటోల మసక తేడాతో దూరం కట్టే పద్ధతి కూడా ఉంది. 2014లో వచ్చిన పానసోనిక్ జీహెచ్4 కెమెరా ఆటోఫోకస్‌కి వాడింది ఆ ఆలోచనే. లెన్స్ ఏ దూరంలో ఎంత మసక ఇస్తుందో ముందే పట్టిక ఉండాలి. నా సంత లెన్స్‌కి ఆ పట్టిక తయారు చేయబోయి రెండు ఆదివారాలు పోగొట్టుకుని మానేశాను. నలభై చోట్లకి పాత పద్ధతిలో ఒక రోజు పట్టేది, ఇప్పుడు గంటన్నర. నాకు అది చాలు.

ఎవరైనా కట్టుకుంటామంటే ప్రోగ్రామ్ ఇస్తాను. పాలిష్ డైకి పూత కొట్టేటప్పుడు మా మేస్త్రి ఇప్పటికీ పక్కకొచ్చి నిలబడతాడు. కొలత అయ్యాక తెర మీద అంకె నేను చదవకముందే గోటితో ఒకసారి తడిమి, తలూపితేనే జాబ్ బయటికి వెళ్తుంది.