మూడేళ్లుగా మా వంటింట్లో ఉన్న కాలర్ మైకు

మా మొదటి వీడియో ఆవకాయ. 2022 మే నెల. గుంటూరు బ్రాడీపేటలో మా వంటింట్లో అత్తయ్య ముక్కలకు కారం, ఆవపిండి పట్టిస్తూ చెబుతుంటే నేను ఫోనుతో తీశాను. ఎర్రటి రంగు బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోయాం. తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "ఏమే, ఫ్యాను మోత తప్ప మీ అత్తయ్య మాట ఒక్కటీ వినపడలేదు" అంది.

ఆ వారమే విజయవాడ వెళ్లినప్పుడు బీసెంట్ రోడ్డులో 850 రూపాయలు పెట్టి వైరున్న కాలర్ మైకు కొన్నాను. మూడేళ్లు దాటింది, ఇప్పటికీ అదే. వీడియోలు మొదలుపెడదామనుకునేవాళ్లు ముందు ఏం కొనాలని అడిగితే ఇదే చెబుతాను. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు. ఉప్పు ఎంత వేయాలో వినపడకపోతే ఆ వీడియో దేనికీ పనికిరాదు.

ఇందులో కిటుకల్లా దూరమే. ఫోను నాలుగడుగుల అవతల ఉంటే, ఈ మైకు నోటికి జానెడు కింద ఉంటుంది. కానీ ఇది అన్ని వైపుల శబ్దాన్నీ తీసుకునే రకం, కాబట్టి నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే ఆ మోతా ఎక్కుతుంది. అందుకే ఎండాకాలంలో పొద్దున్నే ఆరింటికే మొదలుపెట్టి, ఫ్యాను ఆపేసి తీస్తాం. పది దాటాక మా ఊరి ఎండకి, పొయ్యి సెగకి ఫోను వేడెక్కి కెమెరా దానంతటదే ఆగిపోతుంది.

చీర మీద మైకు పెట్టడం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. గంజి పెట్టిన మంగళగిరి చీర తగిలితే బరబరమని వస్తుంది. నల్లపూసలు తగిలితే టిక్కుటిక్కు. ఇప్పుడు ఎడమ భుజం దగ్గర, పైట పిన్నీసు పక్కన పెడుతున్నాను. వైరును ఆ పిన్నీసు కింద నుంచి ఒక చుట్టు తిప్పితే, అత్తయ్య అటూ ఇటూ కదిలినా లాగిన శబ్దం రాదు. వైరు ఆరు మీటర్లు ఉంది. మిగిలినదాన్ని పొయ్యికి దూరంగా గోడవారగా వేస్తాను.

ఫోను మార్చినప్పుడు మాత్రం బాగా టెన్షన్ పడ్డాను. కొత్తదానికి గుండ్రటి జాక్ లేదు, టైప్-సీ ఒక్కటే. చవకగా తెచ్చిన కనెక్టర్‌తో మైకు పలకనే లేదు. లోపల డాక్ అనే చిప్ ఉన్నది తెచ్చాక పనిచేసింది. కెమెరా యాప్ కూడా బయటి మైకుని తీసుకోకపోవచ్చు. నేను ఓపెన్ కెమెరా యాప్‌లో ఆడియో సోర్స్ మార్చుకున్నాను. ప్రతిసారీ మైకుని గోటితో మెల్లగా గీరి, పది సెకన్లు రికార్డు చేసి విని, అప్పుడే పోపు పెట్టమంటాను.

లోపాలూ ఉన్నాయి. క్లిప్పు ఏడాదికే వదులైంది, దారం చుట్టి వాడుతున్నాం. స్పంజి టోపీలు రెండు పోయాయి. పక్కన ఫోనుకీ కెమెరాకీ మార్చే చిన్న స్విచ్చు ఉంది. ఒకసారి అది కెమెరా వైపు ఉండిపోయి, గోంగూర పచ్చడి మాటలేవీ సరిగా ఎక్కలేదు. రికార్డింగ్ అంతా పోయింది.

మిర్చి యార్డుకి మాత్రం వైరు మైకు ఇబ్బందే. ఆ ఘాటుకి దగ్గుతూ, లారీల మధ్య వైరు పట్టుకుని నడవలేం. అక్కడ మైకుని చేత్తో వ్యాపారి నోటి దగ్గర పట్టుకున్నాను. మన లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన 334 మిర్చి రకానికీ, తేజ రకానికీ తేడా ఆయన చెప్పిన ప్రతి ముక్కా స్పష్టంగా వచ్చింది. బయట ఎక్కువగా తిరిగి తీసేవాళ్లు వైర్‌లెస్ కొనుక్కోవడమే మంచిది.

యూట్యూబ్‌లో పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. 15 నిమిషాలు దాటిన వీడియోకి ముందు ఫోన్ నంబరు ధ్రువీకరించుకోవాలి. ప్రకటనల ఆదాయానికి 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ కావాలి. షార్ట్స్‌కి లెక్క వేరు. ప్రకటనల డబ్బు చేరే యాడ్‌సెన్స్ ఖాతాలో 10 డాలర్లు చేరాక, చిరునామా నిర్ధారించుకోవడానికి పిన్ నంబరు పోస్టులో వస్తుంది, కాబట్టి చిరునామా సరిగ్గా రాయండి.

మొన్న కొరివికారం తీసేటప్పుడు నేను ఫోను సర్దుతుండగానే అత్తయ్య మైకు పెట్టేసుకున్నారు. "స్విచ్చు చూశావా అమ్మాయ్?" అని అడిగారు. చూశానన్నాను. అయినా గోటితో గీరి, వినిపించమన్నారు.