విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి 4 నెలలు, వన్‌టౌన్ జిరాక్స్ షాపు నుంచి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు నాది, రెండు సిస్టంలు, ఒక లేజర్ ప్రింటరు, ఒక స్కానరు, అంతే. ముందు టేబుల్ మీదది ఇంటెల్ ఆరో జనరేషన్ ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోతోందని స్క్రీన్ మీద మెసేజీలు, పోనీ 11 వేద్దామా అంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే తీసుకుంటుందంట, టీపీఎం 2.0 అని ఒక సెక్యూరిటీ చిప్పు కూడా ఉండాలంట. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది పొడిగించుకునే దారి పెట్టారు గానీ అది 2026 అక్టోబరు 13 దాకే, తర్వాత మళ్ళీ మొదటికే. సిస్టంలు బాగుచేసే కుర్రాడు చూసి "ఇది స్క్రాపే అన్నా, కొత్తది తీసేస్కో" అన్నాడు. పొద్దున 8కి ఆన్ చేస్తే రాత్రి 9 దాకా కిక్కురుమనకుండా పనిచేసే మిషన్ని పట్టుకుని స్క్రాపంటే ఒళ్ళు మండింది.

దసరాకి మా ఏరియా సంగతి తెలుసుగా, దుర్గమ్మ కొండకి వెళ్ళే జనం, పోలీసు బారికేడ్లు, షాపు తీసినా గిరాకీ ఉండదు. ఆ నాలుగు రోజుల్లో మా అక్క కొడుకు వచ్చాడు, బీటెక్ చదువుతున్నాడు, "మావయ్యా, నువ్వు వాడేది క్రోమూ, పీడీఎఫ్, వర్డూనేగా, లినక్స్ మింట్ వెయ్యి" అని పెన్ డ్రైవ్ లోకి ఎక్కించి తెచ్చాడు. విండోస్ లాగే సిస్టంని నడిపేదే ఇదీ, కాకపోతే ఫ్రీ. నాకు నచ్చిందేంటంటే సిస్టంలో వెయ్యక ముందే పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, వైఫై వస్తుందా, సౌండ్ వస్తుందా, స్కానర్ పడుతుందా అని, నచ్చకపోతే పీకేసి రీస్టార్ట్ చేస్తే మన పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఒక పూటంతా అలా ఆడించి చూసి, ఫైళ్ళన్నీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని (ఇది మర్చిపోకండి బాబూ), ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్కు) కొని దాన్లో వేశాం. వేసింది 22.2 వెర్షను, ఉబుంటు అనే ఇంకో లినక్స్ 24.04 వెర్షను మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. డబ్బులు ఎస్‌ఎస్‌డీకే, మింట్‌కి రూపాయి లేదు. ఇన్నేళ్ళూ వాడిన విండోస్ ఒరిజినలేనా అని మాత్రం అడక్కండి, మన ఊళ్ళో ఎవరికి తెలియదు.

స్పీడు సంగతి, పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెడితే ఏదైనా పరిగెడుతుంది కాబట్టి ఆ క్రెడిట్ మొత్తం మింట్‌కే ఇవ్వను. మెనూ కింద ఎడంపక్కే ఉంటుంది, పాత విండోస్ 7 లాగే, మా ఆవిడ మధ్యాహ్నం షాపులో కూర్చుంటుంది, రెండో రోజుకే "ఏవండీ, ఏం మార్చారని ఇంత హడావిడి" అంది.

అసలు లాభం నేను ఊహించని చోట వచ్చింది. జిరాక్స్ షాపులో రోజూ ఎన్ని పెన్ డ్రైవులు గుచ్చుతామో లెక్క ఉండదు, కాలేజీ పిల్లలవి, లాయర్ల గుమస్తాలవి, సగం వాటిలో ఆ షార్ట్‌కట్ వైరస్సే, ఫోల్డర్లన్నీ మాయమైపోయి షార్ట్‌కట్‌లు మిగులుతాయి, క్లిక్ చేస్తే మన సిస్టంకి అంటుకుని ఆ తర్వాత గుచ్చిన ప్రతివాడి పెన్ డ్రైవుకీ మనమే పంచిపెడతాం, తిట్లూ మనకే. అది విండోస్ కోసం రాసిన వైరస్ కాబట్టి మింట్‌లో నడవదు, దాచిన ఫైళ్ళు చూపించే కంట్రోల్ హెచ్ కొట్టినా కొట్టకపోయినా చాలాసార్లు ఫోల్డర్లు మామూలుగానే కనపడతాయి, షార్ట్‌కట్ ఫైళ్ళు శవాల్లా పక్కన పడుంటాయి. మొన్న ఒకమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చింది, గుచ్చితే ఫైలు అక్కడే ఉంది, నన్నేదో పెద్ద ఇంజనీరు అనుకుని వెళ్ళింది. నేనూ కాదన్లేదు. లినక్స్‌కి వైరస్సే రాదని మాత్రం అనట్లేదు, నా షాపుకొచ్చే రకం రావట్లేదు.

ఇంక తలనొప్పులు. స్కానరు గుచ్చగానే పట్టింది. లేజర్ ప్రింటరు మాత్రం చుక్కలు చూపించింది, పాత మోడల్, కంపెనీ పేరెందుకులెండి, డ్రైవర్ కోసం మేనల్లుడు అర్ధరాత్రి దాకా ఆ నల్ల స్క్రీన్‌లో ఏవేవో కొట్టాడు, నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. మీది ఏ మోడలో, లినక్స్‌కి డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకుని దిగండి. మా దగ్గరున్న వేలిముద్ర మిషన్ కూడా విండోస్‌లోనే నడుస్తుంది. ట్యాలీ వాడేవాళ్ళయితే అదీ విండోస్ ప్రోగ్రామే, ఆలోచించుకోండి.

తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ ఉంది, మన డీటీపీ వాళ్ళ చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు లేఅవుట్ కూడా ఉంది, అది చూశాక ప్రాణం లేచొచ్చింది. మండలి, రామభద్ర, గిడుగు ఫాంట్లు ఫ్రీయే, వేసుకున్నాం. బయట నుంచి విండోస్ ఫాంటు గౌతమిలో టైప్ చేసిన వర్డ్ ఫైలు వస్తే మాత్రం వర్డ్ బదులు వాడే లిబ్రే ఆఫీస్‌లో వేరే ఫాంట్ పడి లైన్లు జరిగిపోతాయి, రెండు పేజీల అప్లికేషన్ మూడో పేజీలోకి దిగుతుంది. ఇప్పుడు అందర్నీ పీడీఎఫే తెమ్మంటున్నా. మెనూలు కూడా తెలుగులో పెట్టి చూశా, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, "దస్త్రం" అంటే ఫైలని తట్టడానికి టైం పట్టింది, మళ్ళీ ఇంగ్లీషుకే మార్చేశా.

అసలు ముడి మాత్రం అను అనే తెలుగు ఫాంట్ల దగ్గరుంది. ఈ ఊళ్ళో పెళ్ళికార్డు, కరపత్రం, పుస్తకం ఏది పట్టుకున్నా పేజీలు సెట్ చేసే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో అను ఫాంట్లతో చేసిందే ఎక్కువ. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7, అది 2001లో వచ్చింది, అడోబీ వాళ్ళే దాన్ని ఎప్పుడో వదిలేశారు, మనం వదల్లేదు. అవి విండోస్ కోసం చేసినవి, మింట్‌లో వాటిని ఆశించడం తప్పు. పైగా అను అక్షరాలు యూనికోడ్ (ఏ సిస్టంలోనైనా అదే అక్షరంగా గుర్తుపట్టే కోడ్) కావు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే ఇంగ్లీషు ముక్కలూ పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడాను, కానీ మధ్యలో ఉన్న ఇంగ్లీషు పేర్లు కూడా తెలుగనుకుని మార్చి పడేస్తాయి, ఒత్తులు కొన్ని ఎగిరిపోతాయి, మళ్ళీ ప్రూఫ్ మొదట్నుంచీ చూడాల్సిందే. స్క్రైబస్ అని ఫ్రీ పేజీ లేఅవుట్ ప్రోగ్రాం ఉంది, యూనికోడ్ తెలుగు బానే పడుతోంది, కొత్త కరపత్రాలు రెండు దాన్లోనే చేశా, చెయ్యి ఇంకా తిరగలేదు.

అందుకే వెనకాల టేబుల్ మీద రెండో సిస్టం అలాగే విండోస్‌తో ఉంది, నెట్ వైరు పీకేసి, పెన్ డ్రైవ్ గుచ్చొద్దని మానిటర్ మీద కాగితం అంటించి. పెళ్ళికార్డులు దాంట్లోనే. నా దగ్గర పేజ్‌మేకర్‌లో చేసిన పాత పుస్తకాల ఫైళ్ళు ఓ నలభై ఉన్నాయి, రాసినవాళ్ళు ఎప్పుడు రీప్రింట్ అంటారో తెలీదు. డీటీపీ వాళ్ళెవరైనా పేజీ సెట్టింగు చెదరకుండా యూనికోడ్‌లోకి తెచ్చి ఉంటే ఎలా చేశారో కాస్త చెప్పండి, కాఫీ నాది.