డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పి హీటర్ కాయిల్ మార్చారు: వరంగల్ ఆటోనగర్‌లో నా అనుభవం

నాన్న 2004లో కొన్న పెట్రోల్ కారునే నేను ఇప్పటికీ నడుపుతున్నా. డిసెంబరులో ములుగు పోతుంటే ముందు సీట్లో ఉన్న అమ్మ "ఏందిరా, కాళ్ల కింద తడితడిగున్నది" అంది. మ్యాట్ ఎత్తి చూస్తే ఆకుపచ్చ నీళ్లు, ముట్టుకుంటే జిడ్డు. అప్పటికే వారం నుంచి కారులో ఏదో తియ్యటి వాసన. అద్దం లోపలివైపు పొర పడుతోంది, తుడిస్తే పోకుండా ఇంకా అలుక్కుంటోంది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ బాటిల్లో రెండు రోజులకోసారి పోయాల్సి వస్తోంది.

మొదట చూపించిన చోట రేడియేటర్ మూత మార్చి పంపారు. రెండో చోట, ఇంజన్ నుంచి వేడి కూలెంట్‌ను డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే హీటర్ కాయిల్‌కు తీసుకుపోయి తెచ్చే రెండు పైపులూ కలిపేస్తే అయిపోతుంది, మన ఎండలకు హీటర్ ఎందుకు అన్నారు. కలిపితే లీకు ఆగే మాట నిజమే. కానీ చలికాలం పొద్దున ఆరింటికి మంచులో పోయేవాళ్లకు అద్దం మీద వేడిగాలి కావాలి. పైగా పాత బండి ఎక్కడైనా వేడెక్కితే, హీటర్ ఫుల్లుగా తిప్పి ఆ వేడిని కొంత లాగేయొచ్చు. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

చివరికి నేను పని చేయించిన ఆటోనగర్ షెడ్డుకు బోర్డు లేదు. ఏసీ పని చేసే ఉస్తాద్ అంటే చూపిస్తారు. ఆయన మ్యాట్ కింద చెయ్యి పెట్టి వాసన చూసి, "సార్, కాయిలే పోయింది. డ్యాష్‌బోర్డ్ దించాలె, రెండు రోజులు పడ్తది. తొందరుంటే నా దగ్గరికి తేకండి" అన్నాడు. ఆ మాటకే నమ్మకం కుదిరింది.

నేను పక్కనే కూర్చున్నా. విప్పే ముందు ప్రతి వైరుకూ ఫోన్లో ఫోటో తీశాడు. స్క్రూలు ఎక్కడివి అక్కడ వేరువేరు డబ్బాల్లో వేశాడు. నా బండిలో ఏసీ కూలింగ్ కాయిల్ వేరే పెట్టెలో ఉంది కాబట్టి గ్యాస్ తీసే పని పడలేదు. పాత కాయిల్ బయటికొచ్చాక ఒక పైపు మూసి, రెండో పైపులోంచి గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచాడు. మూల అతుకు దగ్గర నుంచి సన్నగా బుడగలు లేచాయి. లోపలంతా తెల్లగా గార. ఏళ్లుగా కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయించిన ఫలితం అది. బిగించే ముందు కొత్త కాయిల్‌ను కూడా అలాగే నీళ్లలో ముంచి చూశాడు. పైపులు, క్లిప్పులు కొత్తవి వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోశాడు. హీటర్ నాబ్ పూర్తిగా వేడివైపు పెట్టి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజన్ నడిపించాడు.

ఖర్చు: కాయిల్ 2,200, పైపులు, క్లిప్పులు 600, కూలెంట్ 900, కూలి 4,000. మొత్తం 7,700. రెండు రోజులన్నది మూడయింది. ఇంటికొచ్చాక గడియారం లైటు వెలగలేదు, మళ్లీ పోతే పది నిమిషాల్లో సరిచేసి పైసా తీసుకోలేదు. బిల్లు మాత్రం చీటీ మీదే రాసిస్తాడు, పక్కా బిల్లు కావాలంటే ముందే అడగండి.

నెల దాటింది. రోజూ బండి తీసే ముందు బాటిల్ చూస్తున్నా, కూలెంట్ గీత దగ్గరే ఉంది. మొన్న మేడారం దాకా పోయొచ్చాం, అమ్మ కాళ్ల కింద మ్యాట్ పొడిగానే ఉంది.