ఎనిమిదేళ్లుగా సీమేక్: మూడు ఓఎస్‌లలో షేర్డ్ లైబ్రరీలతో నా అనుభవం

ఫొటోలను ప్రాసెస్ చేసే ఒక సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటికీ నేనే బిల్డ్ చేసి ఇస్తుంటాను, ఎనిమిదేళ్లుగా సీమేక్‌తోనే (ఒకే ప్రాజెక్ట్‌ని వేర్వేరు ఓఎస్‌లలో బిల్డ్ చేయడానికి వాడే టూల్). లింకింగ్ వరకూ, అంటే ప్రోగ్రామ్‌కి లైబ్రరీని జతచేసే పని వరకూ, దానికి తిరుగులేదు. టార్గెట్ లింక్ లైబ్రరీస్ అని ఒక్క లైను రాస్తే చాలు, షేర్డ్ లైబ్రరీకి (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడ్ అయ్యే విడి ఫైలు) లినక్స్‌లో డాట్ ఎస్ఓ, మ్యాక్‌లో డైలిబ్, విండోస్‌లో డీఎల్ఎల్‌కి జతగా వచ్చే లిబ్ ఫైలు, ఎక్కడ ఏది కావాలో అదే చూసుకుంటుంది.

విండోస్‌లో మొదటిసారి డీఎల్ఎల్ వచ్చింది గానీ ఆ లిబ్ ఫైలే రాలేదు. రెండు గంటలు ఫోల్డర్లన్నీ గాలించాను. లినక్స్‌లో ఫంక్షన్లు మామూలుగా అన్నీ బయటికి కనిపిస్తాయి, విండోస్ కంపైలర్‌తో అయితే మనం ఎక్స్‌పోర్ట్ అని చెప్పనిదే ఒక్కటీ కనిపించదు, ఏదీ ఎక్స్‌పోర్ట్ కాకపోతే లిబ్ ఫైలే పుట్టదు. సీమేక్ 3.4 నుంచి విండోస్ ఎక్స్‌పోర్ట్ ఆల్ సింబల్స్ అనే సెట్టింగ్ ఉంది, ఆన్ చేస్తే పని గడుస్తుంది, కాకపోతే గ్లోబల్ వేరియబుల్స్‌కి డీఎల్ఎల్ ఇంపోర్ట్ మనమే రాసుకోవాలి. నాకు సీమేక్‌లోనే ఉన్న జనరేట్ ఎక్స్‌పోర్ట్ హెడర్ అనే మాడ్యూల్ నచ్చింది, బయటికి ఇవ్వాల్సిన వాటికే గుర్తు పెట్టుకుంటాం.

అసలు టెన్షన్ రన్ చేసేటప్పుడే. బిల్డ్ ఫోల్డర్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్, ఇన్‌స్టాల్ చేశాక క్లయింట్ ముందు "కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్" అని ఆగిపోయింది. ఎల్‌డీడీ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలు చూపించే లినక్స్ కమాండ్) కొట్టి చూస్తే నా లైబ్రరీ పేరు ఎదురుగా "నాట్ ఫౌండ్". లైబ్రరీ ఎక్కడుందో బిల్డ్ సమయంలో సీమేక్ ప్రోగ్రామ్ ఫైలులోనే ఆర్‌పాత్‌గా రాసిపెడుతుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని తీసేస్తుంది, అది నాకు అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు ప్రాజెక్ట్ మొదలుపెట్టిన రోజే ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ పెట్టేస్తాను: లినక్స్‌కి డాలర్ ఆరిజిన్, మ్యాక్‌కి ఎట్ లోడర్ పాత్ (రెండూ ఆ ఫైలు ఉన్న ఫోల్డర్ అనే అర్థమే), అక్కడి నుంచి లిబ్ ఫోల్డర్‌కి దారి. విండోస్‌లో ఆర్‌పాత్ అనేదే లేదు, డీఎల్ఎల్‌ని మామూలుగా ఈఎక్స్ఈ పక్కనే పెట్టాలి. సీమేక్ 3.21లో, కావాల్సిన డీఎల్ఎల్‌ల జాబితా ఇచ్చే టార్గెట్ రన్‌టైమ్ డీఎల్ఎల్స్ వచ్చాక, వాటిని కాపీ చేయడానికి నేను రాసుకున్న స్క్రిప్ట్ మొత్తం తీసి పారేశాను, ఎంత హాయిగా ఉందో!

మళ్లీ మొదటి నుంచి చేయమన్నా సీమేకే వాడతాను. లినక్స్‌లో మాత్రం నో అన్‌డిఫైన్డ్ అనే లింకర్ ఆప్షన్ తప్పకుండా పెట్టుకోండి. లైబ్రరీలో ఏదైనా ఫంక్షన్ దొరక్కపోతే విండోస్, మ్యాక్ లింక్ దగ్గరే ఆపేస్తాయి, లినక్స్ మామూలుగా ఊరుకుంటుంది, ఆ ఎర్రర్ తర్వాత ఎప్పుడో వాడేవాళ్ల మెషీన్ మీద బయటపడుతుంది.