గురుగ్రహానికి జ్వరం చూసే థర్మామీటర్: ఆరేళ్లు వాడాక

థర్మామీటర్ అన్నాను గానీ చేత్తో పట్టుకునేది కాదు. మూడు హైడ్రోజన్ పరమాణువులు కలిసి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే వచ్చే హెచ్3 ప్లస్ అనే అయాన్ గురుగ్రహం పైపొరల్లో ఇన్‌ఫ్రారెడ్‌లో మెరుస్తుంది. దాని వర్ణపటంలో ఎక్కువ శక్తి స్థాయి నుంచి వచ్చే గీత వేడి పెరిగేకొద్దీ మిగతావాటి కంటే గబగబా బలపడుతుంది కాబట్టి, రెండు గీతలు పోల్చి చూస్తే ఉష్ణోగ్రత చెప్పేయొచ్చు. 3-4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల మధ్య కింది పొరల్లోని మీథేన్ సూర్యకాంతిని మింగేస్తుంది, గ్రహం నల్లబడిపోతుంది, ఆ నలుపు మీద ఈ గీతలు ముత్యాల్లా కనబడతాయి.

నేను ఎక్కువగా వాడింది హవాయిలో మౌనా కియా మీదున్న నాసా 3 మీటర్ల ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్, హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చునే. అక్కడ రాత్రి 8 అంటే మనకు మర్నాడు పగలు 11:30, అంటే పప్పన్నం తింటూ పరిశీలన చేసుకోవచ్చు, కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ ఒక్కటే.

ఇక చిరాకులు. మొదటి ఏడాది భూమధ్యరేఖ దగ్గర అర్థంపర్థం లేని అంకెలు వస్తుంటే మా సార్ ఒక్కటే అడిగారు, "ఆకాశం ఎక్కడ తీశావు?" అని. అంటే, గ్రహం లేని చోట ఖాళీ ఆకాశపు వెలుగును కొలిచి, దాన్ని గ్రహం కొలతలోంచి తీసేయాలన్నమాట. నేనేమో నక్షత్రానికి చేసినట్టే టెలిస్కోప్‌ను స్లిట్ (పరికరంలోకి వెలుగును వదిలే సన్నటి చీలిక) పొడవునా పైకీ కిందికీ జరిపాను. దాదాపు 40 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) ఉండే గ్రహం 15 ఆర్క్‌సెకండ్ల స్లిట్‌లో ఎక్కడ పడుతుంది? గ్రహంలోంచి గ్రహాన్నే తీసేస్తూ కూర్చున్నానన్నమాట. ఇప్పుడు పూర్తిగా గ్రహం బయటికి వెళ్లి ఆకాశం తీస్తాను. ఇంకో తలనొప్పి, సిగ్నల్ బలహీనమైతే ఉష్ణోగ్రత, అయాన్ల సంఖ్య ఒకదానికొకటి ముడిపడిపోతాయి, ఒకటి తప్పుగా పెరిగితే రెండోది తప్పుగా తగ్గుతుంది, చూస్తే ఫిట్ (లెక్కగట్టిన గీతలు అసలు గీతలతో సరిపోయే తీరు) మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది!

అందుకే ఒక చోటి అంకెను నేను పెద్దగా నమ్మను. ఒక చోటునీ మరో చోటునీ పోల్చడానికి మాత్రం దీన్ని మించింది నాకు దొరకలేదు. ఎండ ఒక్కటే అయితే ఆ పొరలు 200 కెల్విన్ల దగ్గరే ఉండాలి, కానీ 2021లో వెలువడిన, హవాయిలోని కెక్ టెలిస్కోప్‌తో గీసిన పటాల్లో ధ్రువకాంతుల దగ్గర 1000, భూమధ్యరేఖ దగ్గర 600 వచ్చాయి, మధ్యలో మెట్టుమెట్టుగా దిగుతూ. వేడి ధ్రువాల నుంచి పారుతోందని తేలింది ఆ వాలు చూసే.

ఈ ఏడాది యురేనస్ మొదలుపెట్టాను. దాని పైపొరలు 1992 నుంచి చల్లబడుతూ వస్తున్నాయి కదా, గీతలు మరీ నీరసం, రాత్రంతా కలిపితే గానీ ఒక్క అంకె రావడం లేదు.