కూకట్‌పల్లి లో-కార్బ్ గ్రూపులో నా మొదటి నెల
ఒక్కదాన్నే రెండుసార్లు అన్నం మానేసి, వారం తిరక్కుండానే మళ్ళీ మొదలుపెట్టాక మా కాలనీలో నడుస్తున్న, పిండిపదార్థాలు (కార్బ్స్) తగ్గించి తినేవాళ్ళ ఈ గ్రూపులో చేరాను. మూడో రోజు తలనొప్పి, నీరసం వచ్చి భయమేసి రాత్రి పదింటికి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే, ఐదు నిమిషాల్లో ఒక అక్క ఫోన్ చేసి "పిండిపదార్థాలు తగ్గితే ఒంట్లోంచి నీరూ ఉప్పూ ఎక్కువ పోతాయమ్మా, మటన్ సూప్‌లో కాస్త ఉప్పేసుకుని తాగు" అంది, మర్నాటికి తేలికపడింది. రోజుకి 50 గ్రాముల లోపే కార్బ్స్. కాలీఫ్లవర్ తురుము నేతిలో వేయించి గోంగూర మటన్‌తో తింటే అన్నం గుర్తే రాలేదు! శాకాహారులకు మాత్రం పనీర్ తప్ప పెద్దగా ఏమీ చెప్పరు, అదొక్కటే లోటు. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్ళని డాక్టర్‌తో డోసు సంగతి మాట్లాడాకే చేర్చుకుంటారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.