ఆరేళ్లుగా ఐపీఎక్స్‌ఈ వాడకం: పెద్ద ఫైలు సగంలో ఆగిపోయే బాధ ఎలా తీరిందంటే

మా ఇంజినీరింగ్ కాలేజీలో రెండు ల్యాబులు నేనే చూసుకుంటాను, ఒక్కోదాంట్లో 40 సిస్టమ్స్. సెమిస్టర్‌కోసారి, ప్రాక్టికల్స్‌కి ముందు, అన్నింట్లోనూ ఓఎస్ మళ్ళీ ఎక్కించాలి. పెన్‌డ్రైవ్ పట్టుకుని వరసగా కూర్చుంటే రెండు రోజులు పోతాయి. అందుకే నెట్‌వర్క్ మీద బూట్ చేసి, క్లోన్‌జిల్లాతో (డిస్కు నకలు తీసి వేరే సిస్టమ్స్‌లో దింపే సాఫ్ట్‌వేర్) ఇమేజ్ దింపే పద్ధతి పెట్టుకున్నాం. ఇందులోకి ఐపీఎక్స్‌ఈ, అంటే నెట్‌వర్క్ మీద బూట్ చేయించే చిన్న ప్రోగ్రామ్, తెచ్చుకుని ఆరేళ్లయింది. అంతకు ముందు ఏడాది అది లేకుండా పడ్డ కష్టం చెబితేనే దాని విలువ తెలుస్తుంది.

అప్పట్లో అన్నీ టీఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత, చాలా సాదా పద్ధతి) మీదే నడిచేవి. బూట్ ఫైలు వచ్చేది, కెర్నెల్ వచ్చేది. తర్వాత కొన్ని వందల ఎంబీల స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైలు (క్లోన్‌జిల్లా మొత్తం కుదించి పెట్టినది) దిగడం మొదలై మధ్యలో ఆగిపోయేది. కేబుల్ మార్చాం, స్విచ్‌లో పోర్టు మార్చాం, సర్వర్ రీస్టార్ట్ చేశాం. ఏం చేసినా అంతే. ఒకరోజు ల్యాబ్ అసిస్టెంట్ "మళ్ళీ అక్కడే ఆగింది సార్" అన్నాడు. ఆ "అక్కడే" అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. కేబుల్ పాడైతే ఒక్కోసారి ఒక్కో చోట ఆగాలి కదా?

సర్వర్‌లో వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టి కూర్చున్నాను. బ్లాక్ నంబర్లు పరుగెడుతున్నాయి. 65533, 65534, 65535. ఆ తర్వాత సర్వర్ 0 అని పంపింది. క్లయింట్ (బూట్ అవుతున్న సిస్టమ్) మాత్రం 65535 అందిందనే మళ్ళీ జవాబిచ్చింది. సర్వర్ ఇంకోసారి 0. అటు ఇంకోసారి 65535. ఇలా నాలుగైదు సార్లు నడిచి టైమౌట్ అయింది. అన్ని వారాలు కేబుళ్లను తిట్టుకున్నందుకు నిజంగా బాధేసింది.

లెక్క చాలా చిన్నది. 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1350 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) ప్రకారం టీఎఫ్‌టీపీ ఒక్కో బ్లాకులో 512 బైట్లు పంపుతుంది. బ్లాకు నంబరుకు రెండే బైట్లు, అంటే 65535 దాటదు. గుణిస్తే 3,35,53,920 బైట్లు, 32 ఎంబీకి సరిగ్గా ఒక బ్లాకు తక్కువ. ఆ తర్వాత నంబరు 0కి తిరగాలా, 1కి తిరగాలా అన్నది అందులో రాయలేదు. మా సర్వర్ 0 అనుకుంది, మా క్లయింటుకు తిరగడమే రాదు.

1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2348లో ఉన్న, బ్లాకు సైజు పెంచుకోనిచ్చే బ్లాక్‌సైజ్ ఆప్షన్‌తో కొంత ఊరట దొరికింది. ఈథర్నెట్‌లో 1500 బైట్లలో ఐపీకి 20, యూడీపీకి 8, టీఎఫ్‌టీపీకి 4 పోతే మిగిలేది 1468. దాంతో తొమ్మిదిన్నర కోట్ల బైట్ల దాకా వెళ్లొచ్చు, మా ఫైలుకి అదీ చాలదు. ఆశకి పోయి 8192 పెట్టాను, 1500 దాటింది కాబట్టి ప్యాకెట్ ముక్కలై వెళ్తుంది. మొదటి ల్యాబులో దిగింది. రెండో ల్యాబు దారిలో ఉన్న ఫైర్‌వాల్ ముక్కలైన ప్యాకెట్లను పారేస్తోంది, అక్కడ మొదటి బ్లాకే రాలేదు.

పైగా వేగం. టీఎఫ్‌టీపీ ఒక బ్లాకు పంపి, అందిందన్న జవాబు వచ్చేదాకా ఆగుతుంది. మా 400 ఎంబీ ఫైలును 1468 చొప్పున పంపితే సుమారు 2,72,000 సార్లు ఆగాలి. ఒక్కోసారి రెండు మిల్లీసెకన్లు పట్టినా తొమ్మిది నిమిషాలు. ఒక్క ప్యాకెట్ పోతే టైమౌట్ అయ్యేదాకా కదలదు. (2015లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7440 కొన్ని బ్లాకులను వరసగా పంపనిస్తుంది, కానీ దాన్ని రెండు వైపులా అర్థం చేసుకోవాలి.)

ఐపీఎక్స్‌ఈతో ఈ గొడవంతా పోయింది. టీఎఫ్‌టీపీ మీద వచ్చేది ఐపీఎక్స్‌ఈ ఫైలొక్కటే, చాలా చిన్నది. అక్కడి నుంచి కెర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ (కెర్నెల్‌కి బూట్‌లో మొదట కావాల్సిన ఫైళ్ల మూట) అన్నీ హెచ్‌టీటీపీలో వస్తాయి. క్లోన్‌జిల్లా బూట్ లైన్లో ఫెచ్ దగ్గర ఉన్న, పెద్ద ఫైలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే అడ్రసును కూడా హెచ్‌టీటీపీకి మార్చాను. ఇది మరచిపోతే ఆ పెద్ద ఫైలు మళ్ళీ పాత దారిలోనే వస్తుంది. ఇప్పుడు ఆ ఫైలు 40 సిస్టమ్స్‌కీ కలిపి 16 జీబీ, గిగాబిట్ లింకు మీద రెండున్నర నిమిషాలు పడుతోంది. సర్వర్ అదే పాత మెషీనే, దాని మీద ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ పెట్టానంతే.

మొదటి వారం మాత్రం చుక్కలు చూపించింది. ఐపీఎక్స్‌ఈ లేచి మళ్ళీ డీహెచ్‌సీపీని (ఐపీ అడ్రసు, బూట్ ఫైలు పేరు చెప్పే సర్వీసు) అడుగుతుంది, సర్వర్ మళ్ళీ ఐపీఎక్స్‌ఈనే ఇస్తుంది, తెర మీద ఎంతసేపు చూసినా అదే తిరుగుడు. మా డీహెచ్‌సీపీ నడిపే డీఎన్‌ఎస్‌మాస్క్‌లో, ఆప్షన్ 175 (ఐపీఎక్స్‌ఈ తన గుర్తుగా పంపేది) ఉన్నవాళ్ళకి వేరే జవాబు ఇవ్వమని ఒక లైను రాస్తే ఆగింది. కొన్ని కొత్త సిస్టమ్స్‌లో నెట్‌వర్క్ కార్డు పలకలేదు. ఐపీఎక్స్‌ఈ సొంత డ్రైవర్లున్న ఫైలు తీసేసి, ఫర్మ్‌వేర్ డ్రైవర్నే వాడే ఎస్‌ఎన్‌పీఓన్లీ అనే ఐపీఎక్స్‌ఈ ఫైలు ఇస్తే లేచాయి. సంతకం లేని ప్రోగ్రాములను బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ ఆపేసుకోవాల్సి వచ్చింది, అది నాకు నచ్చని విషయం.

స్విచ్ గురించి కూడా చెప్పాలి. పోర్టులో ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా చూసేది) మామూలుగా ఉంటే లింకు లేచాక దాదాపు 30 సెకన్లు ట్రాఫిక్ వదలదు. ఈలోగా డీహెచ్‌సీపీ విసిగి మానేస్తుంది. సిస్టమ్స్ ఉన్న పోర్టులకు ఆ ఎదురుచూపు లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టాలి.

ఇప్పుడెవరైనా ఫోన్ చేసి ఫైలు ఆగిపోతోందంటే నేను మొదట అడిగేది ఒకటే, ఎక్కడ ఆగింది? ప్రతిసారీ ఒకే బైటు దగ్గరైతే లెక్కల సమస్య. వేరువేరు చోట్లయితే కేబుల్, క్రింపింగ్ (కేబుల్ చివర కనెక్టర్ బిగింపు) చూడాలి. అప్పుడు నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపించే ఈథ్‌టూల్‌లో ఎర్రర్లు పెరుగుతుంటాయి. మొదటి బ్లాకే రాకపోతే ఫైర్‌వాల్. టీఎఫ్‌టీపీ 69వ పోర్టులో మాట వింటుంది, జవాబు మాత్రం వేరే పోర్టు నుంచి ఇస్తుంది, ఒక్క 69 తెరిస్తే చాలదు.

కిందటేడు హెచ్‌టీటీపీఎస్‌కి మారదామని చూశాను. చివరి వరసలోని ఆరు పాత సిస్టమ్స్ సర్టిఫికెట్ ఒప్పుకోలేదు. బయోస్‌లోకి వెళ్లి చూస్తే తేదీ పదేళ్లు వెనక ఉంది, గడియారం నిలబెట్టే సీమాస్ బ్యాటరీలు అయిపోయాయి. ఆ తేదీకి మా సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. బ్యాటరీలకు ఇండెంట్ పెట్టాను, అవి వచ్చేదాకా ఆ వరస హెచ్‌టీటీపీలోనే నడుస్తోంది.